ఎడమ స్విచ్చి

అట్టపెట్టెని భోజనాల బల్ల మీద బోర్లించి, "ఇదిగో చూడమ్మాయ్, ఇక ఇవే ఖాయం," అన్నారు మామగారు.

కోడలు స్టవ్వు తగ్గించి వచ్చి చూసింది. మళ్ళీ స్విచ్చులే. మొదట ఆయన నొక్కితే అటూ ఇటూ ఊగే రాకర్ స్విచ్చులన్నారు. లోపల చిన్న దీపం వెలుగుతుంది, ప్యానెల్‌కి కళొస్తుందన్నారు. రేకుకి నలుచదరపు కంతలు కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది పెట్టింది. అవి బిగించాక వద్దన్నారు. నిలువు పిడి ఉన్న టోగుల్ స్విచ్చులు కావాలన్నారు. కొత్త రేకు తెచ్చి గుండ్రటి కంతలు వేసి, తీగలన్నీ కట్టలు కట్టి, పేర్లు అంటించి పని ముగించి వారం కాలేదు. ఇప్పుడు ఇవి. పిడిని పట్టుకుని బయటికి లాగితే తప్ప పైకీ కిందికీ కదలని రకం.

"మొన్నటి వాటికి ఏమొచ్చింది మామయ్యా?"

"మోచెయ్యి తగిలితే ఆఫ్ అయిపోతాయి. గాల్లో కుదుపొచ్చిందనుకో, అప్పుడు?"

"నిజమే. కానీ అన్నిటికీ ఇలాంటివెందుకు? ఇంజనువి రెండూ మారిస్తే చాలదూ? దీపానికి కూడా తాళమెందుకు?"

"మొన్నటివి మరీ మెత్తగా ఉన్నాయమ్మాయ్. పడిందో లేదో తెలీడం లేదు."

"మెత్తగానా! టక్కుమంటే పక్కింటివాళ్ళు తలుపు తీసి చూస్తున్నారు."

మామగారు ఒక స్విచ్చి చేతిలోకి తీసుకుని, కళ్ళ దగ్గరగా పెట్టుకుని, పిడి లాగి పైకి వేశారు. మళ్ళీ చూసి, కిందికి వేశారు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళాలంటే ఒత్తిగిలి నడవాలి. హాలులో కిటికీ దగ్గర్నుంచి వంటింటి గడప దాకా విమానం రెక్క ఒకటి దుప్పటి కప్పుకుని రెండు పీటల మీద పడుకుని ఉంది. రెండోది మేడ మెట్ల కింద. మామగారు ఇంట్లోనే కట్టుకుంటున్న విమానం, రెక్కల్లేకుండా, పెరట్లో రేకుల షెడ్డులో ఉంది. చుట్టాలెవరొచ్చినా కూర్చోవడానికి చోటుండదు కాబట్టి చుట్టాలు రావడం మానేశారు. వీధిలో పిల్లలు మామగారిని పైలట్ తాత అంటారు. ఆయన ఆ పిలుపుకి చెయ్యూపుతారు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ కొత్త స్విచ్చుల్ని పరీక్షకి పెట్టింది. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాకా కూడా మిక్సీలూ ఫ్యాన్లూ తయారుచేసే ఫ్యాక్టరీలో ఆవిడ చేసింది ఆ పనే. ముందు ఒక్కొక్కటీ తిప్పి ఒంటి మీది అక్షరాలు చదివింది. ఇంట్లో కరెంటుకి పనికొచ్చే స్విచ్చి బ్యాటరీ కరెంటుకి పనికిరావాలని లేదు. ఇంటి కరెంటు ఆగి ఆగి పారుతుంది కాబట్టి స్విచ్చి తీసినప్పుడు లోపల పుట్టే రవ్వ తనంతట తనే ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటుకి ఆ ఆగడం లేదు. రవ్వ సాగి సాగి లోపలి బిళ్ళల్ని తినేస్తుంది. బ్యాటరీ లెక్క రాసి లేని రెండింటిని పక్కన పడేసింది. మిగతావాటిలో తీగ ఊరికే దోపేవి వద్దనుకుని, మరలతో బిగించేవి ఉంచింది. వాటిని పెరట్లో నీళ్ళ మోటారు ఒంటికి టేపుతో కట్టి, ఒక్కొక్కదానికీ చిన్న బల్బు తగిలించి, మోటారు ఆన్ చేసి స్టూలు వేసుకుని కూర్చుంది. మోటారు గడగడలాడింది. ఏ బల్బు మిణుకుమందో ఆ స్విచ్చి కొట్టుకి తిరిగి పోతుంది.

ఏ స్విచ్చయినా ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. అసలు పాడవనిదాన్ని వెతుక్కుంటూ పోతే జీవితకాలం చాలదు. అది పాడైన రోజున ఇంజను ఆగకుండా తీగలు కట్టుకోవడమే పని. ఆవిడ మామగారికి మొదటి రోజే చెప్పిన మాట అది. ఆయన ఒప్పుకున్నారు కూడా. మరి ఈ మార్చడాలెందుకో ఆవిడకి అంతుపట్టలేదు.

బల్బులు చూస్తూ ఉండగా ఫోను మోగింది. ఫ్యాక్టరీ సూపర్‌వైజరమ్మ.

"ఏమ్మా, వస్తున్నావా లేదా? నీ బల్ల దగ్గర ఇంకో అమ్మాయిని కూర్చోపెట్టమని పైవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు."

"విమానం తనిఖీ అయిపోగానే వస్తానండీ. ఈ వారమే తనిఖీ."

"మీ ఇంట్లో తనిఖీకి పోయిన ఏడాది నుంచీ ఈ వారమే. సోమవారం వస్తే వచ్చినట్టు. లేకపోతే నన్నేమీ అనకు తల్లీ."

ఫోను పెట్టేసరికి మామగారు కాఫీ గ్లాసుతో షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వంటింట్లో తనే పోసుకున్నట్టున్నారు. స్టీలు గ్లాసు, నిండా పొగలు కక్కే కాఫీ. కొంగు లేకుండా ఆవిడైతే ముట్టుకోలేదు. ఆయన దాన్ని అరచేత్తో చుట్టి పట్టుకుని నిమ్మళంగా నిలబడి, "ఎవరమ్మా ఫోను?" అన్నారు.

"ఫ్యాక్టరీ వాళ్ళు," అంది ఆవిడ, గ్లాసు వైపే చూస్తూ.

ఆయన చూపుడువేలి కొన మీద ఒక పొక్కు. సోల్డరింగ్ ఇనుము తగిలితే పొంగే రకం. దాని పక్కన మానిపోయినది ఇంకొకటి.

*

పంపుహౌసులో డ్యూటీ దిగి భర్త ఇంటికొచ్చేసరికి ఆవిడ మేడ మెట్ల మీద కూర్చుని ఉంది. అతను చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"మీ నాన్నగారి వేళ్ళకి స్పర్శ లేదు. ఎప్పట్నుంచో తెలుసా మీకు?"

అతను చెప్పులు విప్పడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు వంగే ఉన్నాడు.

"షుగరున్న వాళ్ళకి తిమ్మిర్లుంటాయిలే."

"తిమ్మిరి కాదండీ. కాలినా తెలీడం లేదు. స్విచ్చి పడిందో లేదో కళ్ళతో చూసుకుంటే తప్ప ఆయనకి తెలీదు. దిగేటప్పుడు నేల చూస్తారా, స్విచ్చులు చూస్తారా? అందుకే ఇంకా పెద్దవి, ఇంకా గట్టివి అంటూ మారుస్తున్నారు."

"నెమ్మదిగా మాట్లాడు."

"నెమ్మదిగానే మాట్లాడుతున్నాను. మీరు చెప్పండి ఆయనకి."

"నేనా!" అతను నవ్వబోయి మానేశాడు. "ముప్పై ఏళ్ళు క్రేను నడిపిన చేతులవి. ఓడలోంచి గాజు సామాను దింపినా చిట్లేది కాదని రేవంతా చెప్పుకునేవారు. చేతికి కళ్ళుండాలిరా అని నన్ను చిన్నప్పటి నుంచీ సాధించాడు. ఆయనతో నీ చేతులు పోయాయి నాన్నా అని నేను చెప్పాలా? అమ్మ పోయాక ఆయన్ని మంచం మీంచి లేపింది ఆ విమానమే కదా. అది లాక్కుంటే ఏం మిగులుతుంది?"

"ప్రాణం మిగులుతుంది."

"తనిఖీ కానీ. తర్వాత చూద్దాం. ఎగిరేటప్పుడు పక్క సీట్లో నేనూ ఉంటాగా. నువ్వు నెమ్మదిగా నచ్చచెప్పు. నీ మాటే వింటాడు."

"నా మాట వినేటట్లయితే మొన్నటి టోగుళ్ళే ఉండేవి."

అతను లోపలికి పోతూ రెక్క దగ్గర అలవాటుగా ఒత్తిగిలాడు. ఆవిడ మెట్ల మీదే ఉండిపోయింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నోరు విప్పితే ముసలాయన్ని చంపినట్టు. విప్పకపోయినా చంపినట్టే. పోనీ సోమవారం డబ్బా పట్టుకుని ఫ్యాక్టరీకి పోదామంటే, తీగలు సగం ఊడదీసిన ప్యానెల్ బల్ల మీద ఉంది. ఆ తీగల్లో ఏది ఎటు పోతుందో తనకి తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

రెండు రోజులు ఆ పనే చేసింది. పాత స్విచ్చులు విప్పి కొత్తవి బిగించింది. ప్రతి స్విచ్చి మెడలోనూ తిరగకుండా పట్టే పంటి వాషరు వేసింది. తీగల కొసలకి లగ్గులు నొక్కి, ప్రతి తీగనీ గట్టిగా ఒకసారి లాగి చూసింది. ఇంజను నిప్పుని ఆపే రెండు స్విచ్చుల్ని మాత్రం మిగతావాటికి దూరంగా ఎడమ వారన బిగించింది. వాటి తీరు వేరు. మిగతా స్విచ్చులు ఆఫ్ అంటే తీగ తెగుతుంది. ఇవి ఆఫ్ అంటే తీగ కలుస్తుంది. కలిసి, నిప్పుని ఇంజను ఒంట్లోకే లాగేసి చంపుతుంది. అందుకని తీగ ఊడినా, పిడి సరిగ్గా పడకపోయినా ఇంజను బతికే ఉంటుంది. గాల్లో అది వరం. నేల మీద, ఎవరైనా చేత్తో విమానం ముక్కు మీది ఫ్యాను తిప్పుతుంటే, అదే మృత్యువు.

పని అయ్యాక మామగారిని సీట్లో కూర్చోబెట్టింది. "మామయ్యా, నేను పేరు చెప్తాను. మీరు బయటికి చూస్తూనే వెయ్యండి. ఇంధనం పంపు."

ఆయన చెయ్యి సరిగ్గా పంపు స్విచ్చి మీదికే పోయింది. కళ్ళు కూడా దాంతోపాటే పోయాయి.

"కిందికి చూడకూడదు మామయ్యా."

"చూస్తే ఏం పోయింది?"

"దిగేటప్పుడు..."

"నాకు పరీక్షలు పెడుతున్నావా అమ్మాయ్?" ఆయన గొంతు పెద్దదేమీ కాలేదు. కానీ ఆ షెడ్డులో ఇంకో మాటకి చోటు లేకుండా పోయింది. ఆవిడ స్క్రూడ్రైవరు తీసుకుని బయటికొచ్చేసింది.

*

తనిఖీ ఆయన శనివారం పొద్దున వచ్చాడు. సన్నటి మనిషి, జేబులో టార్చి. ఎక్కువ మాట్లాడే రకం కాదు. విమానాన్ని పెరట్లోకి తోసి, తోకని తాడుతో స్తంభానికి కట్టారు. పక్కింటి గోడల మీద తలకాయలు లేచాయి. తనిఖీ ఆయన ప్యానెల్ వెనక టార్చి వేసి చాలాసేపు చూశాడు. ఒక తీగని వేలితో మీటాడు. "బాగా కట్టారు," అన్నాడు. ఆవిడకి రాత్రి నిద్ర లేకపోయినా ఆ మాటతో కాళ్ళు తేలికయ్యాయి.

మామగారు ఇంజను స్టార్టు చేశారు. పెరడంతా దుమ్ము లేచింది, దండెం మీది బట్టలు చదునుగా సాగాయి, పిల్లలు కేకలు పెట్టారు. కాసేపు తిప్పాక ఇంధనం కట్టేసి ఇంజను ఆపారు.

"వేడి మీద ఉండగానే ఫ్యాను చేత్తో ఒకసారి తిప్పండి. సిలిండర్ల బిగువు చూస్తాను," అన్నాడు తనిఖీ ఆయన.

భర్త ముందుకెళ్ళి ఫ్యాను రెక్క పట్టుకున్నాడు. "నాన్నా, స్విచ్చులు?"

మామగారి చెయ్యి ఎడమ వారకి పోయింది. ఈసారి ఆయన కిందికి చూడలేదు. కోడలు చెప్పినట్టే కొడుకు వైపు, ఎదురుగా చూశారు. రెండు స్విచ్చుల మీదా చెయ్యి ఒకదాని తర్వాత ఒకటి పోయింది.

"రెండూ ఆఫ్."

ఆవిడ అప్పటికి పక్కన, ప్యానెల్ కనపడేంత దగ్గర్లో నిలబడి ఉంది. కుడి పిడి కింద ఉంది. ఎడమ పిడి పైనే ఉంది.

"ఆగండీ!"

అరుపుకి భర్త అడుగు వెనక్కి వేస్తూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం అప్పటికే రెక్కని లాగేసింది. ఇంజను ఒక్కసారి దగ్గింది. రెక్క గాల్ని కోస్తూ సగం చుట్టు తిరిగి ఆగింది. గోడల మీది తలకాయలు గప్పున మాయమయ్యాయి. భర్త నేల మీద కూలబడి తన కుడిచెయ్యి వంక చూసుకుంటున్నాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా చీరుకుపోయింది. చెయ్యి ఉంది. వేళ్ళన్నీ ఉన్నాయి.

ఆవిడ అతని దగ్గరికి పరుగెత్తుతూ ఒక్క క్షణం వెనక్కి చూసింది. మామగారు కళ్ళు దించి ప్యానెల్ చూశారు. ఎడమ పిడిని రెండు వేళ్ళతో పట్టుకుని, లాగి, కిందికి వేశారు.

"ఏమైంది?" అన్నాడు తనిఖీ ఆయన. "ఆఫ్ అన్నారు కదా?"

"ఆఫ్ చేశాను." మామగారి మొహం మైనంలా ఉంది. "స్విచ్చి... స్విచ్చిలోనే ఏదో ఉంది. లోపల పట్టేసి ఉంటుంది."

తనిఖీ ఆయన సీటు మీదికి వంగి చూశాడు. రెండు పిడులూ కిందికే ఉన్నాయి. కోడలి వైపు తిరిగాడు. "వైరింగ్ మీరేనన్నారు కదమ్మా? ఈ స్విచ్చి ఫెయిలయ్యే అవకాశం ఉందా?"

నేల మీంచి భర్త ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆ నొక్కుడికి అర్థం ఆవిడకి తెలుసు. అవును అను. ఒక్క మాట. స్విచ్చి మారుద్దాం, నెలాగి మళ్ళీ తనిఖీ చేయిద్దాం, నాన్న మొహం నిలబడుతుంది. స్విచ్చికి పరువేముంది, పోవడానికి?

ఆవిడకి ఆ నెల కూడా కనపడింది. కొత్త అట్టపెట్టె, కొత్త రేకు, నీళ్ళ మోటారు పక్కన స్టూలు. ఆ తర్వాత ఒక రోజు, ఆ సీట్లో ఈయన, చుట్టూ ఎవరూ కేక వేయలేనంత ఎత్తున.

భర్త చేతిలోంచి చెయ్యి విడిపించుకుని లేచింది. మీటరు తెచ్చి ఒక కొస స్విచ్చి కాలికి, ఇంకో కొస ఇంజను ఒంటికి ఆనించింది. తీగ కలిసిందన్నట్టు మీటరు కుయ్యిమంది. పిడి లాగి పైకి వేసింది, చప్పుడు ఆగింది. కిందికి వేసింది, మళ్ళీ కుయ్యిమంది. పిడిని కుదుపుతూ, వేలితో కొడుతూ మళ్ళీ మళ్ళీ వేసి చూపించింది.

"స్విచ్చి బాగానే ఉందండీ," అంది. "పిడి పైనే ఉండిపోయింది. నేను చూశాను. మామయ్యగారి వేళ్ళకి స్పర్శ లేదు."

తనిఖీ ఆయన టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

"నేను యంత్రం గురించే రాస్తాను. యంత్రంలో నాకు లోపం కనపడలేదు," అన్నాడు. "మనిషి సంగతి ఇంట్లో మీరు తేల్చుకోండి. పెద్దాయనా, మీకు పిల్లలున్నారు."

మామగారు సీటు అంచు పట్టుకుని దిగారు. ఎవరి వైపూ చూడకుండా, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

"స్విచ్చిదే తప్పని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు భర్త, చీరిన చొక్కా విప్పుతూ.

"నా సొమ్ము కాదు. మీ చెయ్యి పోయేది."

*

ఆదివారం ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడుకోలేదు. సోమవారం పొద్దున ఆవిడ డబ్బా సర్దుకుని బస్టాపుకి నడిచింది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. బస్టాపులో నిలబడ్డాక వెనక చెప్పుల చప్పుడు వినపడింది. మామగారు. రొప్పుతున్నారు.

"బస్సు ఇంకా రాలేదుగా?"

"లేదు మామయ్యా."

ఆయన బల్ల చివర కూర్చుని ఊపిరి తిప్పుకున్నారు. "అబద్ధమాడానమ్మాయ్. నీ పని మీదికి తోసేశాను. వాడు కింద పడి ఉంటే... నా నోరు ముందు ఆ మాటే అంది."

ఆవిడ డబ్బా ఇంకో చేతికి మార్చుకుంది.

"ఇంకొకటి చెప్పాలి. నవ్వవుగా?"

"చెప్పండి."

"నాకది ఎక్కాలని లేదు."

ఆవిడ తిరిగి చూసింది.

"ఇంజను మొదటిసారి తిరిగిన రోజు నుంచీ లేదు. అంతవరకూ అది చేతులకి ఒక పని. మీ అత్తయ్య పోయాక పనుండాలిగా. తీరా ఇంజను తిరిగేసరికి గుండె జారిపోయింది. దీన్ని పట్టుకుని నేను నిజంగా పైకి పోవాలా అని. వేళ్ళు అప్పటికే చచ్చాయి. కానీ వీధంతా పైలట్ తాత అంటోంది. మీ ఆయన సెలవులన్నీ దానికే పెట్టాడు. నువ్వు ఉద్యోగం మానుకుని కూర్చున్నావు. మీరంతా అంత పాటు పడుతుంటే భయమేస్తోందని ఏ మొహంతో చెప్పను?"

"అందుకని స్విచ్చులు మార్చారా?"

మామగారు తల వంచుకున్నారు. "రాకర్లు బాగానే ఉన్నాయి. మొన్నటి టోగుళ్ళు కూడా బంగారంలా ఉన్నాయి. ఎవరో ఒకరు వద్దంటారేమో అని చూశాను. ఒక్కళ్ళూ అనరే! మొన్న నువ్వు కూడా స్విచ్చిదే తప్పని ఉంటే సిగ్గుకొద్దీ ఎక్కేవాణ్ణి."

ఆవిడకి ముందు కోపమొచ్చింది. కోసిన కంతలు, నొక్కిన లగ్గులు, వెన్నునొప్పి, సూపర్‌వైజరమ్మకి చెప్పిన సాకులు అన్నీ గొంతులోకి ఒక్కసారే ఎగదన్నాయి. "ఏడాది మామయ్యా," అంది. "నా ఏడాది."

"అవునమ్మా," అన్నారాయన.

బస్సొచ్చింది. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చెయ్యూపలేదు. రెండు స్టాపులు దాటాక ఎందుకో నవ్వొచ్చింది. తను ఎక్కనంటే తండ్రి మనసు విరుగుతుందని భర్త పక్క సీటుకి సిద్ధపడ్డాడు. భర్త ఎక్కుతుంటే తను వద్దనలేక నోరు మూసుకుంది. ముగ్గురూ కలిసి, ఎవరికీ ఎక్కాలని లేని విమానాన్ని ఎంత గట్టిగా కట్టారని! పక్కనున్నావిడ వింతగా చూస్తే ముఖం కిటికీకేసి తిప్పుకుంది.

సాయంత్రం ఇంటికెళ్ళాక ఆవిడే ముందు మాట్లాడింది. "ఎగరడం నేర్పేవాళ్ళుంటారు కదా మామయ్యా. వాళ్ళనెవరినైనా అడుగుదాం. కట్టింది ఊరికే పడి ఉండటమెందుకు?"

*

వానలు తగ్గాక, విమానాల మైదానం చివర, ఎగరడం నేర్పే ఆవిడ ఒకరు దాన్ని మొదటిసారి పైకి తీసుకెళ్ళింది. ఆ రోజు కోడలికి వారపు సెలవు. భర్త పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చి, ఫ్యానుకి చాలా దూరంలో నిలబడ్డాడు. విమానం గడ్డి మీద గెంతుతూ పోయి, ఒక చోట గెంతడం మానేసింది. మామగారు ఆకాశం చూడలేదు. కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వింటూ ఉండిపోయారు. అది మైదానం చుట్టూ తిరిగి, తూలకుండా దిగి, వాళ్ళ దగ్గరికొచ్చి ఆగేదాకా కళ్ళు తెరవలేదు.

ఎగరడం నేర్పే ఆవిడ హెల్మెట్ తీసి దిగింది. ఇంజను చప్పుడు గురించి, కుడివైపు కాస్త లాగుతున్న సంగతి గురించి గబగబా చెప్పుకుపోతోంది. మామగారు మధ్యలో అడ్డం పడ్డారు.

"స్విచ్చులెలా ఉన్నాయమ్మా?"

"స్విచ్చులా?" నేర్పే ఆవిడ తెల్లబోయి ఆలోచించింది. "వాటి సంగతి అసలు గుర్తే రాలేదండీ."

మామగారు కోడలి వైపు తిరిగారు. ఆవిడ నేల చూపులు చూస్తూ, చెంప మీది జుట్టు వెనక్కి తోసుకుంటోంది.

"వైరింగ్ ఎవరు చేశారు?" అంది ఎగరడం నేర్పే ఆవిడ. "మా క్లబ్బు విమానం ఒకదానికి మొత్తం మార్చాలి. ఆయన్ని మా దగ్గరికి పంపిస్తారా?"

"ఆయన కాదు, మా కోడలు," అన్నారు మామగారు. "కానీ మీకు దొరకదండీ. మాకే దొరకడం లేదు. ఉద్యోగస్తురాలు."